మతి చెదిరిన పనివాడు: కోనసీమలో కూలి, అచ్చారం, చట్టం

కోనసీమలో పని చేయించుకునే ఆసామికీ పనివాడికీ మధ్య ఒప్పందం తరతరాలుగా నోటిమాట మీదే నడిచింది. కాగితం పుట్టేది అప్పుకు, కౌలుకు, క్రయానికి. దూలాలు చెక్కడానికో, కొబ్బరి దింపుకో, గట్టు వేయడానికో కాగితం రాసుకోవడం అరుదు. చేతిలో కొంత అచ్చారం, అంటే ముందు సొమ్ము, పెట్టేవారు, పని మొదలయ్యేది. పనివాడు మధ్యలో రావడం మానేస్తే ఆసామి ముందు నిలిచే ప్రశ్న ఒక్కటే: రాకూడదనుకున్నాడా, రాలేకపోయాడా? జ్వరం వచ్చినా కాలు విరిగినా జవాబు కంటికే తెలుస్తుంది. మతి చెదిరితే తెలియదు. నిన్నటిదాకా ఉలి పట్టిన మనిషి ఇవాళ అరుగు మీద ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటే అది బద్ధకమా, మోసమా, తాగుడా, జబ్బా అన్నది ఎవరో ఒకరు తేల్చాలి. మొదట ఊరు తేల్చింది, తర్వాత మేజిస్ట్రేటు, చాలా ఆలస్యంగా డాక్టరు. ఎవరు తేల్చినా ముందుగా లెక్కకు వచ్చింది ఇచ్చిన అచ్చారమే. మనిషి సంగతి ఆ తర్వాతే వచ్చింది.

గౌతమికీ వశిష్ఠకీ నడుమ, వైనతేయ పాయ చీల్చిన ఈ నేలలో పనివాళ్ళందరిదీ ఒకే తీరు కాదు. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి ఊరికి కట్టుబడినవాళ్ళు. వీరికి రోజుకూలి ఉండేది కాదు. పంట కళ్ళంలో ఉన్నప్పుడు రైతు కొలిచి ఇచ్చే మేరే వీరి జీతం. ఆ మేర మనిషికి కాక ఇంటికి దక్కే హక్కు. ఊళ్ళో వడ్రంగం ఫలానా ఇంటిది అంటే ఆ ఇంట్లో ఎవరు నాగలి చెక్కినా రైతుకు ఒకటే. అన్నకు మతి స్థిమితం తప్పితే తమ్ముడు బాడిస పట్టేవాడు, కొడుకు ఎదిగేదాకా పినతండ్రి నెట్టుకొచ్చేవాడు. మేర మాత్రం యథాప్రకారం ఆ గడపకే చేరేది. జబ్బు మనిషి ఆ గింజల్లోనే తినేవాడు. పని మనిషిది కాక ఇంటిది కావడం వల్ల కలిగిన మేలు ఇది. ఎవరూ దయతలచి చేసిన ఏర్పాటు కాదు, కులవృత్తి కట్టడిలో తనంత తాను పుట్టిన రక్షణ. చేతికి అందివచ్చే తమ్ముడో కొడుకో లేని ఇంటికి ఆ రక్షణ కూడా లేదు.

పాలేరు సంగతి పూర్తిగా వేరు. అతను ఏడాదికి కుదిరే జీతగాడు. పెళ్ళికో చావుకో తీసుకున్న బాకీ జీతంలో కోతపడుతూ, తీరకుండానే మరో ఏడాదికి దొర్లేది. అతనికి మతి చెదిరినా బదులు మనిషి కావలసిందే. అయితే వడ్రంగి ఇంట్లో బదులు మనిషి వల్ల మేర నిలిచేది, పాలేరు ఇంట్లో బదులు మనిషి వల్ల బాకీ నిలిచేది. తండ్రి బాకీకి కొడుకు పశువుల కాపరిగా చేరడం గోదావరి డెల్టాలో ఎరగని సంగతి కాదు. ఒకే ఆచారం ఒక గుమ్మంలో రక్షణగా, పక్క గుమ్మంలో సంకెలగా పనిచేసింది. పాత పల్లెల్లో పిచ్చివాణ్ణి కూడా ఊరే సాకేదని రాసేవాళ్ళు వడ్రంగి ఇంటిని చూసి రాస్తారు, పాలేరు ఇంటి దాకా వెళ్ళరు.

జబ్బుకు ఊరు చెప్పిన కారణం చాలావరకు బయటిది: గాలి సోకిందనో, దయ్యం పట్టిందనో, ఎవరో చేతబడి చేశారనో. ఆయుర్వేదం ఉన్మాదాన్ని వాత పిత్త కఫ దోషాలతో వివరించినా, వైద్యుడి కంటే ముందు భూతవైద్యుడి దగ్గరికి నడిచిన ఇళ్ళే ఎక్కువ. తాయెత్తు, వేపమండల దెబ్బలు, మిరపకాయల పొగ, ముదిరితే కాలికి గొలుసు. ఇందులోని క్రౌర్యం చెప్పనక్కర్లేదు. పనివాడి వైపు నుంచి చూస్తే మాత్రం ఈ నమ్మకానికి ఒక ఉపయోగం ఉండేది. తప్పు అతనిది కాదు, పట్టినదానిది. అది వదిలిందని నలుగురూ ఒప్పుకుంటే అతను మళ్ళీ పనిలోకి రావచ్చు, పాత జబ్బు పేరు చెప్పి పని నిరాకరించే పద్ధతి పెద్దగా ఉండేది కాదు. చేతబడి చేశాడని ఊరు అనుమానించినవాడికి మాత్రం ఊళ్ళో బతుకే కష్టం. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం 19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో దయ్యాలు, మంత్రగాళ్ళ మీద రాసిన రాతలు చదువుకున్న ఇళ్ళను కొంత కదిలించాయి. పనిపాటల వాళ్ళ ఇళ్ళకు ఆ వాదం చేరినా, దాని వెంట వెళ్ళవలసిన వైద్యం అప్పటికి ఇంకా లేదు.

కూలివాడి జబ్బు గురించి ధర్మశాస్త్రాలు గట్టిగానే ఆలోచించాయి. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం ప్రకారం, ఏ జబ్బూ లేకుండా పొగరుతో పని మానినవాడికి ఎనిమిది కృష్ణలాల (ఆనాటి తూకం) జరిమానా, జీతం సున్నా. బాధపడుతూ మానినవాడు కోలుకున్నాక మొదట ఒప్పుకున్న పని పూర్తి చేస్తే, ఎంతకాలం గడిచినా జీతం ఇవ్వవలసిందే. ఇంతవరకు న్యాయంగానే ఉంది. మరుసటి శ్లోకం మెలిక పెడుతుంది: జబ్బుతో ఉన్నా బాగున్నా, తాను చేయకపోతే మరొకరిచేతనైనా చేయించాలి. లేదంటే పని కొంచెమే మిగిలినా జీతం దక్కదు. కౌటిల్యుడి అర్థశాస్త్రం ఇంతకంటే మెత్తన. జబ్బులోనో ఆపదలోనో పడ్డవాడికీ, ఆ పనికి శక్తి చాలనివాడికీ ఒప్పందం నుంచి తప్పుకునే వీలుంది, లేదా ఇంకొకరిచేత చేయించవచ్చు. యాజ్ఞవల్క్య స్మృతి జీతం పుచ్చుకుని పని వదిలినవాడు రెట్టింపు కట్టాలంటుంది. అదే స్మృతి మరోచోట తాగినవాడు, ఉన్మాది, ఆర్తుడు, బాలుడు, భయపడినవాడు చేసుకున్న వ్యవహారం చెల్లదని చెబుతుంది.

ఈ రెండు నియమాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే అసలు చిక్కు బయటపడుతుంది. ఒప్పందం చేసుకునే నాటికే మతి సరిగా లేకపోతే ఆ ఒప్పందమే లేదు. మంచి మతితో ఒప్పుకుని, పని మధ్యలో చెదిరితే ఒప్పందం ఉంది, పూర్తి చేసే శక్తి లేదు. మొదటిదానికి స్మృతికారుల జవాబు స్పష్టం. రెండోదానికి వాళ్ళ జవాబు బదులు మనిషి. యాజ్ఞవల్క్యానికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యను 13వ శతాబ్దంలో తిక్కన శిష్యకోటిలోని కేతన విజ్ఞానేశ్వరీయంగా తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. కాబట్టి ఇవి కేవలం సంస్కృత పండితుల గదుల్లో ఉండిపోయిన మాటలు కావు. అలాగని ఊరి పెద్దలు తగువు తీర్చేటప్పుడు పుస్తకం తెరిచారనుకోవడం పొరపాటు. అచ్చారం తిరిగి ఇవ్వాలా వద్దా అన్నది ఇద్దరి పలుకుబడిని బట్టే తేలేది. శాస్త్రం మాట ఎక్కువగా వినిపించింది బ్రిటిషు కోర్టుల్లో. న్యాయమూర్తుల పక్కన హిందూ ధర్మశాస్త్ర పండితులను కూర్చోబెట్టే పద్ధతి 1864 దాకా సాగింది.

ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. దాన్ని కట్టించిన ఆర్థర్ కాటన్ కాలువలు లంకల్లోకి చేరాయి. గన్నవరం దగ్గర వైనతేయ మీద అక్విడక్టు కట్టి ఆ నీటిని నగరం తాలూకాకు, అంటే తర్వాతి రాజోలు తాలూకాకు, దాటించారు. నీటితో పాటు రొక్కం కూలి కూడా వచ్చింది. మట్టి తవ్వేవాళ్ళు, రాయి కొట్టేవాళ్ళు, సున్నం పనివాళ్ళు, ఇటుక పనివాళ్ళు వేల సంఖ్యలో కావలసి వచ్చారు. వీళ్ళలో చాలామంది వేరే ఊళ్ళవాళ్ళు. మేస్త్రీ అచ్చారం ఇచ్చి పిలుచుకొచ్చిన మనిషి ఇంటి వివరం పని చేయించేవాడికి తెలియదు, అతని తమ్ముడెవరో తెలియదు. జబ్బు చేస్తే బదులు మనిషి లేడు. లెక్కలో మిగిలేది బాకీ ఒక్కటే.

ఆ లెక్కను వసూలు చేసి పెట్టడానికి 1859లో 13వ చట్టం వచ్చింది. పనివాళ్ళ ఒప్పంద భంగ చట్టంగా అది పేరుపడింది. కలకత్తాలోని యూరోపియన్ వర్తకులు, దుకాణదారులు తమ చేతివృత్తుల వాళ్ళు అచ్చారం తిని పారిపోతున్నారని మొరపెట్టుకోవడం దీనికి మూలం. మొదట కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరాలకే ఉద్దేశించినా తర్వాత బయటి ప్రాంతాలకూ విస్తరించింది. యజమాని మేజిస్ట్రేటు ముందు ఫిర్యాదు చేస్తే చాలు. అచ్చారం తిరిగి కట్టమనో, పని పూర్తి చేయమనో ఉత్తర్వు వస్తుంది. పాటించకపోతే మూడు నెలల దాకా కఠిన శిక్ష. అప్పు ఎగ్గొట్టిన షావుకారు సివిలు దావాతో బయటపడుతుంటే, అచ్చారం ఎగ్గొట్టిన వడ్రంగి జైలుకు పోయాడు. రాజమండ్రి, మచిలీపట్నం, గుంటూరు జిల్లాలను తిరగరాసి గోదావరి జిల్లా ఏర్పరచిందీ 1859లోనే. ఆ జిల్లా 1925లో తూర్పు గోదావరిగా పేరు మార్చుకుంది, పశ్చిమ గోదావరి కృష్ణా జిల్లా నుంచి ఏర్పడింది. చట్టాన్ని రద్దు చేసే శాసనమూ 1925లోనే వచ్చింది. గోదావరి జిల్లా అన్న పేరు ఆయుర్దాయమూ ఈ చట్టం ఆయుర్దాయమూ ఇంచుమించు ఒకటే.

చట్టంలో ఒక సందు ఉంది. కావాలని, తగిన కారణం లేకుండా పని మానినవాడికే అది వర్తిస్తుంది. జబ్బు తగిన కారణమే. అయితే ఆ కారణం చెప్పుకోవలసింది పనివాడు. మేజిస్ట్రేటు ముందు నిలబడి తన మనసు బాగాలేదని, నెలల తరబడి నిద్ర లేదని, గొంతులు వినిపిస్తున్నాయని నిరూపించుకోవాలి. నోరు పెగలని దిగులు జబ్బే అతనికి ఉంటే ఆ సందు ఉన్నా లేనట్టే. మౌనాన్ని మొండితనంగా చదివే అవకాశం ఎప్పుడూ ఎక్కువ. అచ్చారం తిరిగి కట్టడానికి ఇంట్లో ఏమీ లేకపోతే మిగిలేది శిక్ష. ఈ చట్టానికి ఉన్న అసలు లోపం దాని కాఠిన్యం కాదు. తనను తాను సమర్థించుకోగల మనిషినే అది ఊహించుకుంది.

1860 నాటి శిక్షాస్మృతి ఇదే ధోరణిని మరో మూడు సెక్షన్లలో పెట్టింది. ప్రయాణం మధ్యలో పల్లకీ దించి పారిపోయిన బోయీలాంటి వాడు 490 కింద నేరస్థుడు. యజమాని ఖర్చుతో దూరప్రాంతానికి తీసుకెళ్ళిన పనివాడు అక్కడ పని మానితే 492. ఈ రెండూ 1925లోనే రద్దయ్యాయి. 491 మాత్రం నిలిచింది, అది ఈ చరిత్రలో తిరగేసిన అద్దం లాంటిది. చిన్నతనం వల్లనో, మతి స్థిమితం లేకనో, రోగం వల్లనో నిస్సహాయంగా ఉన్న మనిషిని చూసుకుంటానని ఒప్పుకున్నవాడు కావాలని వదిలేస్తే అది నేరం. 2023 భారతీయ న్యాయ సంహితలో 357వ సెక్షనుగా ఇప్పటికీ ఉంది. మతి చెదిరినవాడు చట్టానికి కాపలా పెట్టుకోవలసిన మనిషిగా కనిపించాడు, తానే పనికి కుదిరే మనిషిగా చాలాకాలం కనిపించలేదు.

1872 కాంట్రాక్టు చట్టం ఇంతకంటే నిదానంగా ఆలోచించింది. తాను చేసుకుంటున్న ఒప్పందాన్ని అర్థం చేసుకుని, తన లాభనష్టాలు బేరీజు వేయగలిగినవాడే మంచి మతి ఉన్నవాడని పన్నెండో సెక్షను నిర్వచిస్తుంది. సాధారణంగా మతి బాగుండనివాడు బాగున్న సమయంలో ఒప్పందం చేసుకోవచ్చు. సాధారణంగా బాగుండి అప్పుడప్పుడు చెదిరేవాడు ఆ చెదిరిన వేళ చేసుకోలేడు. పిచ్చాసుపత్రిలో ఉన్నవాడు కూడా మధ్యమధ్య మతి కుదిరినప్పుడు ఒప్పందం చేసుకోవచ్చన్నది చట్టం ఇచ్చిన ఉదాహరణే. 56వ సెక్షను కింద ఇంకో ఉదాహరణ ఉంది: ముందుగా డబ్బు తీసుకుని ఆరు నెలలు నాటకశాలలో నటిస్తానన్నవాడు కొన్ని రాత్రులు జబ్బుతో రాలేకపోతే, ఆ రాత్రుల మేరకు ఒప్పందం చెల్లదు. 65వ సెక్షనులోని గాయని ఆరో రాత్రి కావాలనే ఎగ్గొట్టి ఒప్పందం పోగొట్టుకుంటుంది, అయినా పాడిన అయిదు రాత్రుల డబ్బు ఆమెకు ఇవ్వాలి. మనువు చెప్పిన సున్నా జీతం కంటే ఇది ఎంతో మేలు. విచిత్రమేమంటే ఒకే ప్రభుత్వం ఈ రెండు చట్టాలనూ యాభై ఏళ్ళకు పైగా పక్కపక్కనే నడిపింది. నటుడి జబ్బుకు, గాయని కూలికి 1872 చట్టం. అచ్చారం తిన్న మేస్త్రీకి, కూలీకి 1859 చట్టం.

మనిషిని ఎక్కడ ఉంచాలన్నదానికి జవాబుగా వచ్చినవి పిచ్చాసుపత్రులు. 1858లో పిచ్చివారికి సంబంధించిన మూడు చట్టాలు వచ్చాయి. దిక్కులేక తిరుగుతున్నవారిని, ప్రమాదకరంగా ప్రవర్తిస్తున్నవారిని పోలీసులు మేజిస్ట్రేటు ముందు పెడితే, వైద్యుడి ధ్రువపత్రంతో ఆసుపత్రికి పంపవచ్చు. మద్రాసులో 1794 నుంచే అలాంటి ఇల్లు ఒకటి ఉండగా, 1870ల నాటికి ఉత్తరాన వాల్తేరులోనూ ఒకటి నడుస్తోంది. గోదావరి జిల్లాకు దగ్గరిది అదే. దగ్గర అన్నది పేరుకే. లంకలు దాటడానికి పంటు, కాలువ మీద పడవ, ఆపైన బండిబాట. 1893లో తూర్పు తీరపు రైలు వచ్చాకే ప్రయాణం సులువైంది. కోస్తాలో ఒకణ్ణి వాల్తేరు పంపాలి అంటే ఏమిటో నేటికీ ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు.

చట్టం పట్టుకున్నది రోడ్డున పడినవాణ్ణి, కొట్టబోయినవాణ్ణి. పనికి పోకుండా మూల కూర్చున్న కుమ్మరిని ఎవరూ మేజిస్ట్రేటు దగ్గరికి తీసుకెళ్ళలేదు. అందుకే ఆనాటి ఆసుపత్రి నివేదికలు రోగుల పూర్వవృత్తులను పట్టికలు వేసి చూపినా, వాటి నుంచి ఏ వృత్తిలో ఎంత జబ్బుందో తెలియదు. ఎవరు వీధిన పడ్డారో తెలుస్తుంది. లోపలికి వెళ్ళినవారిచేత తోటపని, నేతపని వంటివి చేయించేవారు, అది చికిత్సలో భాగమని భావించేవారు. జబ్బు వల్ల పని పోయినవాడికి చికిత్సగా పని ఇచ్చారు, కూలి మాత్రం లేదు. 1912లో కొత్త చట్టం వచ్చింది. 1922లో మద్రాసు ప్రెసిడెన్సీలో పిచ్చాసుపత్రి పేరు మానసిక వైద్యశాలగా మారింది. అచ్చారం సంగతి, ఇంట్లో మిగిలిన ఆలుబిడ్డల సంగతి ఈ చట్టాల పరిధిలో లేవు.

గోదావరి కూలి 19వ శతాబ్దంలో సముద్రం కూడా దాటింది. కోరంగి రేవు పేరుతోనే మారిషస్‌లో, బర్మాలో తెలుగువాళ్ళను కోరంగీలన్నారు. కాకినాడ నుంచి రంగూన్‌కు స్టీమర్లు నడిచాయి. మేస్త్రీ టిక్కెట్టు డబ్బు అచ్చారంగా పెట్టి, రేవు పనిలో, ధాన్యపు మిల్లుల్లో దించి, ఆ బాకీ జీతంలోంచి పట్టుకునేవాడు. ఇక్కడ బదులు మనిషి అన్న మాటే లేదు. మతి చెదిరిన కూలి మేస్త్రీకి నష్టం ఖాతా. రంగూన్ పిచ్చాసుపత్రిలో చేరినవారిలో భారతీయ కూలీలూ ఉండేవారు. మరికొందరిని తోటి ఊరివాళ్ళు చందా వేసి ఇంటికి ఓడెక్కించేవారు. 1930 మే నెలలో తెలుగు రేవు కూలీల మీద జరిగిన దాడులు, 1942లో బర్మా నుంచి కాలినడకన సాగిన తిరుగుప్రయాణం ఎందరిని ఏ స్థితిలో ఇంటికి చేర్చాయో లెక్క కట్టినవారు లేరు.

1859 చట్టం 1926 ఏప్రిల్ 1 నుంచి చెల్లకుండా పోయింది. అప్పటినుంచి అచ్చారం ఎగ్గొట్టడం సివిలు వివాదమే. 1928లో మరో మార్పు వచ్చింది. అంతవరకు మతి చెదిరిన హిందువుకు ఉమ్మడి ఆస్తిలో వాటా లేదు, తిండి మాత్రమే దక్కేది. ఆ ఏటి చట్టంతో పుట్టుకతోనే మతి లేనివారికి మాత్రమే ఆ నిషేధం మిగిలింది. 1956 హిందూ వారసత్వ చట్టం దాన్నీ తీసేసింది. చేతివృత్తి ఇళ్ళకు ఇది ఆస్తి మాటే కాదు. కొలిమి, పనిముట్లు, ఇంటిస్థలం వాటాగా దక్కితేనే కోలుకున్నవాడు మళ్ళీ నిలబడగలడు. పాలేరు బాకీ మాత్రం 1976 దాకా ఆగవలసి వచ్చింది. వెట్టిచాకిరీ రద్దు చట్టం అలాంటి బాకీలను కొట్టేసి, అచ్చారం పేరుతో మనిషిని గానీ అతని పిల్లల్ని గానీ పనికి కట్టేయడాన్ని నేరం చేసింది. కాగితం మీద తండ్రి బాకీ కొడుకుకు అంటడం అక్కడితో ఆగింది.

ఈలోగా వైద్యం మారింది. 1952లో పారిస్‌లో క్లోర్‌ప్రోమజైన్ వాడకం మొదలై, ఆ దశాబ్దంలోనే మన దేశపు ఆసుపత్రులకు చేరింది. తిరిగి బయటికి రావడం అరుదనుకున్న రోగులు మాత్రలతో ఇంటికి వచ్చారు. 1958లో కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల మొదలయ్యాక కోనసీమవాళ్ళు వాల్తేరు దాకా పోనవసరం తగ్గింది. ముక్తేశ్వరం నుంచి కోటిపల్లికి పంటు మీద గోదావరి దాటి వెళ్ళిన తరం ఇంకా ఉంది. ఎదుర్లంక, యానాం మధ్య వంతెన 2002లో తెరుచుకుంది. ఇప్పుడు అమలాపురంలోనే వైద్య కళాశాల ఉంది.

మాత్రలతో పాత ప్రశ్న పోలేదు, రూపు మార్చుకుంది. కొబ్బరి దింపే దీనికి మంచి ఉదాహరణ. కాళ్ళకు బందు, నడుముకు కత్తితో రోజుకు పదుల చెట్లు ఎక్కే పని ఇది. కూలి చెట్టు లెక్కన. కింద వలుపు కార్మికులు కాయ పీచు తీసి రాశి పోస్తారు. దింపు ఆలస్యమైతే కాయ రాలుతుంది, అంబాజీపేట బజారు ధర మారుతుంది. కాబట్టి ఆసామి తొందరలో ఉంటాడు. మతిని కుదుటపరిచే మందుల్లో కొన్ని మగత తెస్తాయి, లేచి నిలబడితే కళ్ళు తిరిగేట్టు చేస్తాయి. అలాంటివి వాడేవాళ్ళను ఎత్తు పనికి పోవద్దంటారు వైద్యులు. మందు వేసుకుంటే చెట్టు ఎక్కలేడు, మానేస్తే జబ్బు తిరగబెడుతుంది. వడ్రంగికి, వలుపువాడికి ఈ చిక్కు ఇంతగా లేదు. తెలిసిన ఆసాములు అలాంటి మనిషిని కొన్నాళ్ళు కింది పనికి, కాయ ఏరడానికో రాశి కాపలాకో మార్చడం సహజమైన పరిష్కారం. కింది పనికి కూలి తక్కువ కావడంతో మనిషే ఒప్పుకోకపోవడమూ అంతే సహజం.

సారా ఈ చిత్రాన్ని మరింత గజిబిజి చేసింది. ఒళ్ళు నొప్పులకు తాగేది, దిగులుకు తాగేది, అలవాటుగా తాగేది బయటికి ఒకేలా కనిపిస్తాయి. ఎక్కువకాలం తాగి హఠాత్తుగా మానినవాడికి రెండు మూడు రోజుల్లో వణుకు, భ్రమలు రావచ్చు. దాన్ని పిచ్చిగానో దయ్యంగానో పొరబడటం సులువు, ఆసుపత్రికి చేర్చకపోతే ప్రాణానికి ముప్పు. 1948లో మద్రాసు రాష్ట్రమంతటా, మళ్ళీ 1995 జనవరి నుంచి ఆంధ్రప్రదేశ్‌లో మద్యనిషేధం అమలైంది. రెండుసార్లూ తాగుడు మాన్పించే వైద్యం నిషేధంతో సమానంగా పల్లెలకు చేరలేదు.

1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫాను కోనసీమలో వెయ్యికి పైగా ప్రాణాలు తీసింది, లెక్కలేనన్ని కొబ్బరి చెట్లను కూల్చింది. చెట్టు పోతే రైతుకు పంట పోయింది. దింపువాడికి వృత్తే పోయింది, ఎందుకంటే కొత్త మొక్క కాపుకు రావడానికి అయిదారేళ్ళు పడుతుంది. పరిహారం చెట్టు సొంతదారుకు అందింది. చెట్టు మీద బతికేవాడు చెట్టు లెక్కలో లేడు. కాయకష్టం మీద బతికేవాళ్ళ మనసు కుంగడానికి లోపలి కారణాలే వెతకడం ఎంత పొరపాటో ఆ సంవత్సరాలు చూపాయి.

పని కోసం కువైట్, ఖతార్, ఒమాన్ వెళ్ళే కోనసీమ మహిళల కథ రంగూన్ కథకు కొనసాగింపు. ఇంటిపనికి కుదిరిన మనిషి వీసా యజమాని పేరు మీద ఉంటుంది, బయటికి వెళ్ళే వీలు చాలావరకు అతని చేతిలో ఉంటుంది. నిద్రలేమి, ఒంటరితనం, భాష తెలియని ఇల్లు కలిసి మతి చెదిరితే, పని మానడం పారిపోవడంగా నమోదవుతుంది. 1859 చట్టం అడిగిన ప్రశ్నే ఇది, అరబ్బీలో. పిచ్చి పట్టి వచ్చిందన్న పేరు పడ్డ మహిళకు ఊళ్ళో తిరిగి పని దొరకడం కష్టం. ఏజెంటుకు కట్టిన అప్పు మాత్రం అలాగే ఉంటుంది.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాలో మానసిక అనారోగ్యం కూడా ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో కట్టకూడదని 95వ సెక్షను నిషేధించింది. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడి దర్గా దగ్గర గొలుసులకు కట్టి ఉంచిన రోగులు 28 మంది మంటల్లో చనిపోయిన ఘటన ఆ నిషేధం వెనుక ఉంది. పనివాడి వైపు నుంచి ముఖ్యమైనది మూడో సెక్షను: మానసిక వ్యాధి ఉందని తేలినంత మాత్రాన, సంబంధిత కోర్టు ప్రకటిస్తే తప్ప, ఆ మనిషి మతి లేనివాడు కాడు. అంటే మాత్రలు వాడుతున్న తాపీ మేస్త్రీ కుదుర్చుకున్న బేరం బేరమే. చేసిన పనికి కూలి అడిగే హక్కు అతనికి ఉంది, జబ్బు పేరు చెప్పి కోయడానికి వీల్లేదు. తీసుకున్న అచ్చారానికి అతను బాధ్యుడే, వసూలుకు దారి సివిలు కోర్టు మాత్రమే. సామాను ఉంచుకోవడం, ఇంట్లోవాళ్ళను పనికి రప్పించడం వసూలు పద్ధతులు కావు.

2015-16లో బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ జరిపిన జాతీయ సర్వే వయోజనుల్లో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్టు, వారిలో అత్యధికులు చికిత్సకు దూరంగా ఉన్నట్టు తేల్చింది. సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు. 2022 ఏప్రిల్‌లో కోనసీమ వేరే జిల్లా అయింది. అదే ఏడాది అక్టోబరు 10న కేంద్రం 14416 నంబరుతో టెలీ మానస్ మొదలుపెట్టింది. తెలుగులోనూ మాట్లాడే ఆ ఫోను సాయం రోగికే కాదు, రోగితో ఏం చేయాలో తెలియని ఆసామికీ పనికొస్తుంది.

పనివాడి భద్రతకు వచ్చిన పథకాలు మాత్రం ఇంకా శరీరం దగ్గరే ఆగాయి. 2023 సెప్టెంబరులో మొదలైన విశ్వకర్మ పథకం 18 వృత్తులకు వర్తిస్తుంది. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, తాపీ మేస్త్రీ, పడవలు చేసేవాడు అందులో ఉన్నారు, కొబ్బరి చెట్టు ఎక్కేవాడు లేడు. కొబ్బరి అభివృద్ధి బోర్డు నడిపే కేర సురక్ష బీమా దింపు కార్మికుల కోసమే ఉంది. అది ప్రమాద బీమా: మరణానికి, అంగవైకల్యానికి, ప్రమాదం వల్ల ఆసుపత్రి ఖర్చుకు వర్తిస్తుంది. మనసు బాగాలేక చెట్టు ఎక్కలేని రోజుల కూలి ఇప్పటికీ ఆసామికీ పనివాడికీ మధ్య నోటిమాట మీదే తేలుతోంది.